పద్దెనిమిదో పైపు దగ్గర

మోటరు షాపుకు ఒక ఆడపిల్లను పంపుతానని అడిగిన రోజు ఆ మేస్త్రీ తలెత్తి నా వైపు చూడలేదు. కాలిపోయిన మోటరులోంచి తీగ పీకుతూనే, "పంపండి మేడం, టీ తెచ్చేకి ఎవురూ లేరు" అన్నాడు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ సంగతి మా బడి పిల్లలందరికీ తెలుసు, హెడ్మాస్టరుకు ఇంకా బాగా తెలుసు. ఆ రోజు మాత్రం దిగమింగుకున్నాను. అప్పటికే నాలుగు షాపులు తిరిగి నాలుగు చోట్లా లేదనిపించుకుని వచ్చాను. ఈ ఐదోదీ పోతే నాకు ఇంకో దారి లేదు.

గుత్తికి అరగంట దూరంలో ఒక పల్లె హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్సు చెబుతాను. పెద్ద తరగతుల పిల్లలను వారానికొక రోజు నిజమైన పనిచోటికి పంపాలని, దానికోసం చుట్టుపక్కల పరిశ్రమలతో ఒప్పందం చేసుకోవాలని పైనుంచి కాగితం వచ్చింది. పరిశ్రమలు అనే మాట చదివి స్టాఫ్ రూములో అందరం నవ్వుకున్నాం. మా వైపు ఉన్న పరిశ్రమ ఒకటే: బోరు వేయడం, అందులో దించిన మోటరు కాలడం, కాలిన మోటరుకు మళ్ళీ కొత్త తీగ చుట్టించడం. ఆ నవ్వులోనే నాకు మోటరు షాపు సంగతి తట్టింది. పని నేర్చుకుంటామని చేతులెత్తిన నలుగురిలో ముగ్గురు మగపిల్లలకు టూవీలర్ షెడ్లలో చోటు సులభంగా దొరికింది. నాలుగో చెయ్యి ఈ అమ్మాయిది.

వాళ్ళ పొలంలో వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయి. వాళ్ళ నాయన ఇప్పుడు ఇంకొకరి తోటల్లో కూలికి పోతాడు. బోర్లలోకి మోటర్లు దించేటప్పుడూ ఎత్తేటప్పుడూ చిన్నప్పటి నుంచీ పక్కనే నిలబడి చూసిన పిల్ల, మోటరు లోపల ఏముంటుందో చూడాలని పట్టుబట్టింది. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదవాలని ఆమె ఆశ. నేను ఇంటికి పోయి మాట్లాడితే వాళ్ళ నాయన ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఆ మేస్త్రీ వాని నోటితో నాకు చెప్పల్ల మేడం, ఈ పాపకు పని వచ్చునని. చెప్పినాడంటే సదివిస్తా. లేకుంటే పది అయినంక వాళ్ళ పిన్నమ్మ జతలో బెంగళూరు గార్మెంట్సుకు పోతాది. దాంట్లో ఇంక మాట లేదు."

కాబట్టి ఆ పిల్ల చదువంతా ఒక మనిషి నోటి మాట మీద ఆగి ఉంది. ఆ మనిషేమో మాటలు లెక్కపెట్టి వాడే రకం.

మొదటి రెండు నెలలూ షాపు ఊడ్పించాడు. ఆ తర్వాత మోటర్లు విప్పించి లోపలి మడ్డి గీకించాడు. మూడో నెలలో ఆయన దగ్గర పనిచేసే అతను మానేసి వెళ్ళిపోతే, గత్యంతరం లేక ఈమెను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. బోరు మోటరు చుట్టేందుకు ఇద్దరు కావాలి. తీగను ఒకరు ఈ వైపు నుంచి మోటరు లోపలి గాడిలోకి తోస్తే, ఇంకొకరు ఆ వైపు నుంచి లాగి పక్క గాడిలోంచి తిరిగి పంపాలి. మేస్త్రీ చుట్లను ఉర్దూలో లెక్కపెట్టేవాడు, ఆమె తెలుగులో. గాడి నిండాక ఇద్దరూ ఒకేసారి పైకి చెప్పాలి. అంకె కలవకపోతే మొత్తం ఊడదీయాల్సిందే, ఎవరిది తప్పన్న వాదన లేదు. మొదట్లో రోజూ ఊడదీశారు. పదో తరగతి పరీక్షలు వచ్చే నాటికి ఊడదీయడం మానేశారు.

పరీక్షలు అయిపోయాయి. పాలిటెక్నిక్ దరఖాస్తుకు ఇంకా నాలుగు రోజులు గడువుంది. మేస్త్రీ ఆ మాట మాత్రం ఇంకా అనలేదు. నేను ఫోను చేసి అడిగితే, "ఈమె చుట్టిన మోటరు ఒకటి శనివారం దించుతాండాం. దిగి నీళ్ళు ఎత్తినంక చెప్తా" అన్నాడు. ఎత్తకపోతే అని అడిగాను. "ఎత్తకుంటే కూడా చెప్తా. మీ బడి నుంచి ఇంక ఎవురినీ పంపొద్దని చెప్తా" అన్నాడు.

శనివారం నేనూ వెళ్ళాను. పిల్లలు పని చేస్తుండగా ఫొటోలు తీసి పంపమని విద్యాశాఖ ఆఫీసు వాళ్ళు ప్రాణం తీస్తున్నారు. అదొక సాకు. నిజానికి ఇంట్లో కూర్చోలేకపోయాను.

అది ఒక పెద్దరైతు చీనీ తోట, అంటే బత్తాయి తోట. ఎన్నికలు వస్తే ఆయన వాకిట్లో నాలుగు జీపులు ఆగుతాయి. మోటరు కాలి పన్నెండు రోజులైంది. ఆకులు ముడుచుకుని, గోళీకాయంత పిందెలు చెట్ల కింద రాలి ఉన్నాయి. ట్యాంకరు నీళ్ళతో ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాడు, ట్యాంకరు వాళ్ళకూ ఇప్పుడు నీళ్ళు దొరకడం లేదు. ఆ ఊళ్ళో పొలాలకిచ్చే త్రీఫేజు కరెంటు మధ్యాహ్నం నాలుగింటికి పోతుంది. ఆలోపు మోటరు దించి నీళ్ళు చూడాలి.

మోటరు ఎవరు చుట్టారో మేస్త్రీ ఆయనకు దాచలేదు. రైతు ఆ పిల్లను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమప్పా, నా తోట నీకు బడి అనుకున్యావా?" అన్నాడు మేస్త్రీతో.

"కాలితే నా షాపు నుంచి కొత్త మోటరు పెడ్తా, అన్నా" అన్నాడు మేస్త్రీ. ఆ మాట ఆయన నోట రావడం నేను ఊహించలేదు. ఆ పిల్ల కూడా ఊహించలేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది.

దించేవాళ్ళు నలుగురు. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి గొలుసు కప్పీ తగిలిస్తున్నారు. మేస్త్రీ ఇంటి నుంచి రెండు క్యాన్ల నీళ్ళు తెచ్చాడు, ఒకటి తాగడానికి, ఒకటి మోటరుకు. "పాపా, ఆ క్యాను తీసుకొని మోటరు నిండుగా పొయ్యి. బుడగలు పొయ్యేదాంక షాఫ్టు తిప్పు. తిప్పినంక మూతలు బిగించు" అని చెప్పి, స్టార్టరు పెట్టె చూసేందుకు రైతును వెంటబెట్టుకుని గట్టు అవతలికి పోయాడు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంటికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు వస్తాయి. బియ్యం కడిగిన నీళ్ళు కూడా మా ఇంట్లో ఊరికే పోవు. సగం తాగి గ్లాసు పక్కన పెట్టే పిల్లలను తరగతిలో నిలబెట్టి తిట్టిన దాన్ని. అలాంటి నా కళ్ళ ముందు ఆ అమ్మాయి శుభ్రమైన తాగే నీళ్ళు ఎత్తి ఒక ఇనప మోటరులో పోయబోతోంది. పక్కనేమో నలుగురు కూలీలు ఎండలో నాలుకలు పిడచకట్టుకుపోయి పని చేస్తున్నారు.

"ఆగు" అన్నాను. "ఎందుకే మంచి నీళ్ళు పాడుచేస్తావు? ఐదొందల అడుగులు దిగి నీళ్ళలోనే కదా కూర్చునేది. అదే నిండుతుంది."

"మేస్త్రీ అన్న పొయ్యమన్నాడు మేడం."

"నేను చెబుతున్నాను కదా. మూతలు బిగించు."

ఆమె ఒక్క క్షణం క్యాను పట్టుకుని నిలబడింది. తర్వాత దించింది. ఐదేళ్ళుగా నేను చెప్పిన సైన్సు విన్న పిల్ల, నా మాటకు ఎదురు చెప్పడం ఆమెకు రాదు. మూతలు బిగిస్తుండగా ఫొటో తీశాను. ఆ ఫొటో చాలా బాగా వచ్చింది.

మేస్త్రీ తిరిగి వచ్చాడు. మోటరుకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, టెంకాయ కొట్టారు. మా వైపు ఒక పట్టింపు ఉంది. పూజ చేసి బోరులోకి దించిన మోటరును నీళ్ళు చూడకుండా పైకి తీయకూడదు. తీస్తే ఆ బోరు మళ్ళీ పలకదంటారు. అందుకే దించేటప్పుడు ఎవరూ ఎక్కువ మాట్లాడరు. గొలుసు చప్పుడూ, పైపు మీద పైపు బిగించే చప్పుడూ తప్ప ఏమీ వినబడదు.

మొత్తం ఇరవై ఎనిమిది పైపులు. ఐదు దిగాయి, పది దిగాయి. కూలీలు మధ్యమధ్యలో ఆ రెండో క్యాను నీళ్ళు కూడా తాగారు, ముఖాలు కడుక్కున్నారు. నేనే వంచి పోశాను, మంచి పని చేశానన్న తృప్తితో. ఆ పిల్ల కేబులును పైపుకు కడుతోంది. పదిహేనో పైపు దగ్గర ఆమె చేతులు నెమ్మదించాయి. పద్దెనిమిదో పైపుకు బిగింపు వేస్తుండగా వచ్చి నా పక్కన నిలబడింది.

"మేడం, నీళ్ళు పొయ్యకుండా దించకూడదు."

"నిండుతుందని చెప్పాను కదా."

"నిండదు మేడం. ఇసుక నీళ్ళు లోపలికి పోకూడదని పైన సీలు ఉండాది. లోపల మనం పోసిన నీళ్ళే ఉండల్ల. ఆ నీళ్ళల్లోనే బేరింగు తిరుగుతాది. నీళ్ళు లేకుంటే పొడైపోతాది. ఈ మోటరు విప్పినప్పుడు లోపల నల్లపొడి గీకింది నేనే మేడం."

ఆమె చెప్పింది నిజమని వినగానే అర్థమైంది. నేను పాఠం చెప్పే మనిషిని. ఘర్షణ, వేడి, చల్లబరచడం అంటూ ఏడాదికి రెండుసార్లు బోర్డు మీద రాస్తాను. అయినా నేను చేసిందేమిటో దాచకుండా రాయాలి. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"నోరు మూసుకో. దరఖాస్తుకు ఇంక మూడు రోజులే ఉంది. ఇప్పుడు చెబితే మేస్త్రీ మీ నాయనకు ఏం చెబుతాడో తెలుసా? కొన్ని రోజులు తిరుగుతుందిలే. తర్వాత కాలితే ఓల్టేజి అనుకుంటారు."

అది నేనన్న మాటే. ఆమె మేలు కోసమే అన్నానని ఆ తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఆమె మేలు అందులో సగం ఉంటుందేమో. మిగతా సగం, ఈ మేస్త్రీ ముందు, ఈ రైతు ముందు, నలుగురు కూలీల ముందు సైన్సు టీచరుకు మోటరు సంగతి తెలియదని తేలిపోతుందన్న భయం.

ఆమె నా ముఖంలోకి చూసింది. మెల్లగా చేయి విడిపించుకుంది. బోరు దగ్గరికి నడిచి వెళ్ళి, "అన్నా, నిలపండి" అంది.

గొలుసు ఆగింది.

"మోటరుకు నీళ్ళు పొయ్యలే."

మేస్త్రీ ఆమెను చూశాడు, ఖాళీగా దొర్లిపోయి ఉన్న రెండు క్యాన్లనూ చూశాడు. కూలీల పెద్ద గొలుసు వదలకుండానే అన్నాడు, "పూజ చేసినంక పైకి ఎత్తేది లేదప్పా. నా చేత్తో నేను ఎత్తను."

రైతు ముందుకు వచ్చాడు. "ఎవురూ ఎత్తొద్దు. దించండి. ఒంటిగంట దాటినాది. కాలితే కొత్తది పెడ్తానని నువ్వే కదా అంటివి?"

"ఇది కాలేది తెలిసి దించితే, నేను పెట్టే కొత్తది కూడా మీరు నమ్మరు" అన్నాడు మేస్త్రీ. చొక్కా విప్పి చెట్టుకు తగిలించాడు. కూలీల పెద్ద చేతిలోని గొలుసు తీసుకుని తానే లాగడం మొదలుపెట్టాడు. ఒక పైపు పైకి వచ్చేదాకా ఎవరూ కదలలేదు. ఆ తర్వాత ఒకడు వచ్చి చేయి వేశాడు, ఇంకొకడు వచ్చాడు. ఆ పిల్ల తాను కట్టిన కట్లన్నీ ఒక్కొక్కటిగా కోస్తూ నిలబడింది. మంచి నీళ్ళు తెచ్చేందుకు రైతు తిట్టుకుంటూ బండి మీద ఊళ్ళోకి పోయాడు. గాలి లేదు. నాకు నిలబడేందుకు చోటే దొరకలేదు.

మోటరు పైకి వచ్చేసరికి రెండైంది. మేస్త్రీ చెమట తుడుచుకుంటూ ఆమె ముందు నిలబడ్డాడు.

"పొయ్యమని నేను చెప్పినానా, లేదా?"

"చెప్పినావన్నా."

"మరి యాల పొయ్యలే?"

ఆమె తల వంచుకుంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంచెం సులభమయ్యేది. "మర్చిపోయినా" అంది.

మేస్త్రీ కొంచెంసేపు మోటరు మూతలు విప్పుతూ కూర్చున్నాడు. ఆ కొంచెంసేపు నాది. మాట్లాడేందుకు నాకు కావలసినంత సమయం ఉండింది. నేను నా ఫోను చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాను.

"అయితే చాలు. చెయ్యి కడుక్కొని ఇంటికి పో" అన్నాడు మేస్త్రీ. "మీ నాయనకు నేనే చెప్తా."

ఆమె కత్తెర కింద పెట్టింది. అప్పుడు వచ్చింది నాకు నోరు.

"నీళ్ళు పోయవద్దని నేను చెప్పాను. ఆమె పోస్తుంటే నేనే ఆపాను. మర్చిపోలేదు ఆమె."

కూలీల్లో ఎవరో నవ్వారు. అప్పుడే నీళ్ళ క్యానుతో వచ్చిన రైతు, "సైన్సు టీచరంటిరి కదప్పా" అన్నాడు. నా చెవులు మండిపోయాయి. అంతకంటే ఎక్కువ అన్నా పడేదాన్నే. మేస్త్రీ మాత్రం ఆమె వైపే తిరిగాడు.

"మేడం చెప్తే నువ్వెందుకు ఇనల్ల? ఈడ పని చెప్పేది ఎవురు?"

"నువ్వే అన్నా."

"ఆ మాట గుర్తు పెట్టుకో. కూర్చో. పొయ్యి."

ఆమె కూర్చుని నీళ్ళు పోసింది. షాఫ్టు తిప్పింది. బుడగలు వచ్చాయి, మళ్ళీ పోసింది. నేను క్యాను ఎత్తి పట్టుకున్నాను, ఆ రోజు నాకు దక్కిన పని అదే. బుడగలు ఆగేదాకా ఆమె తిప్పుతూనే ఉంది, నేను గడియారం చూస్తూనే ఉన్నాను. మేస్త్రీ నా పక్కకు వచ్చి, రైతుకు వినబడకుండా అన్నాడు.

"మీకొక్కరికే చెప్తాండా. నా చిన్నప్పుడు ఇట్లనే ఒకసారి సగం దిగినంక తెలిసినాది నాకు. నిలపమని చెప్పేకి నోరు రాలే. నెలకే కాలిపాయ. కరెంటోళ్ళ మీద తోసేసినాం. తోట ఎండిపోతే ఆ రైతు చెట్లన్నీ కొట్టేసినాడు. ఇరవై ఏండ్లుగా ఆ ఊరి దారిన పోను నేను."

మళ్ళీ దించడం మొదలైంది. ఈసారి పూజ లేదు. టెంకాయ కూడా ఇంకొకటి లేదు. ఇరవై ఎనిమిదో పైపు బిగించేసరికి నాలుగుకు పది నిమిషాలుంది. మేస్త్రీ స్టార్టరు దగ్గరికి పోతూ ఆమెను పిలిచాడు. "నువ్వు నొక్కు" అన్నాడు. ఆమె నొక్కింది. స్టార్టరు పెట్టె మీద కరెంటు చూపే ముల్లు పైకి లేచి, కొంచెం దిగి, నిలబడింది. ఒక నిమిషం పైపు నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రైతు ఆ పైపు ముందు చేయి చాచి నిలబడి ఉన్నాడు. ఆ చేతి మీదనే మొదట ఎర్రమట్టి నీళ్ళు పడ్డాయి, వాటి వెనకే తేట నీళ్ళు వచ్చాయి.

రైతు ముఖం కడుక్కున్నాడు. కూలీల పెద్ద చెప్పులు విప్పి బోరుకు దండం పెట్టాడు. కరెంటు పోయేదాకా మేస్త్రీ ఆ ముల్లును చూస్తూనే కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే మేస్త్రీ ఆ పిల్ల ఇంటికి వచ్చాడు. నేను ఆ పిల్లను స్కూటీ మీద దించి వాకిట్లో నిలబడి ఉన్నాను. వాళ్ళ నాయన మంచం వాల్చాడు, మేస్త్రీ కూర్చోలేదు.

"పాపకు పని వచ్చునప్పా" అన్నాడు. "సదివించు. సెలవుల్లో నా దగ్గరికి పంపు."

వాళ్ళ నాయన తలూపాడు. ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాడు. మేస్త్రీ అప్పటికే బండి తిప్పుకున్నాడు.

అంతకు ముందు, తోట నుంచి వచ్చే దారిలో ఆ పిల్ల నన్ను ఒకటి అడిగింది. నా వెనక కూర్చుని ఉంది కాబట్టి ముఖం చూడకుండా అడగగలిగిందేమో. "మేడం, నేను అన్నకు చెప్పకుంటే మీరు చెప్పిందురా?"

పిల్లలకు అబద్ధం చెప్పడం టీచర్లకు కష్టం కాదు. రోజూ చెబుతాం. బాగా రాశావంటాం, వచ్చేసారి మొదటి ర్యాంకు నీదే అంటాం. ఆ రోజు ఎందుకో రాలేదు.

"చెప్పేదాన్ని కాదు" అన్నాను.

నాకు ఏడుపు వచ్చింది, ఎదురుగాలికి కళ్ళు తుడుచుకుంటున్నట్టు నటించాను.

సోమవారం దరఖాస్తు నింపేందుకు బడికి వచ్చింది. కంప్యూటరు ముందు కూర్చుని అన్నీ నేనే కొట్టాను, ఎప్పుడూ పిల్లలందరికీ చేసినట్టే. ప్రింటు తీసి, పెన్ను మూత తీసి ఆమె చేతికిచ్చి, చివర్లో సంతకం పెట్టమని చూపించాను. బయట ఇంకా ఆరుగురు పిల్లలు వరసలో ఉన్నారు. ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. కాగితాలు దగ్గరికి తీసుకుని మొదటి పేజీ మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను కొట్టిన ప్రతి మాట మీద వేలు పెట్టుకుంటూ, తొందరపడకుండా మూడు పేజీలూ చదివింది. ఆ పిల్ల నన్ను ఇంకెప్పుడూ ఊరికే నమ్మదని నాకు అప్పుడు తెలిసింది. బాధగానే ఉండింది. ఆమె పూర్తిగా చదివేదాకా నేను నోరు తెరవకుండా పక్కన నిలబడ్డాను.